ఫాస్ట్‌ఫుడ్: తిలాపాపం తలా పిడికెడు

ఒక ఫ్రెంచ్ ఫ్రై ముక్కని వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే ఇందులో ఏముంది, బంగాళాదుంప, నూనె, ఉప్పు, అంతేగా అనిపిస్తుంది. ఊరూరా ఒకే పేరుతో షాపులు నడిపే పెద్ద చెయిన్లకి సరఫరా అయ్యే ముక్క మాత్రం కౌంటర్ మీదకి వచ్చేలోపు చాలా చూసి వస్తుంది. ఫ్యాక్టరీలో దుంప తొక్క తీసి, కోసి, వేడినీళ్ళలో ఉడికీ ఉడకనట్టు ఉంచి, దాని సొంత చక్కెరని కొంత కడిగేస్తారు. దుంపల్లో చక్కెర ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది కదా, వేగాక ఒకటి నల్లగా ఇంకొకటి పాలిపోయినట్టు వస్తే కుదరదు. తర్వాత కొలిచి కలిపిన డెక్స్‌ట్రోజ్ నీళ్ళు పట్టిస్తారు, అంటే తీసేసిన చక్కెర చోట మళ్ళీ చక్కెరే, కాకపోతే ఈసారి అన్ని ముక్కలకీ ఒకటే లెక్క. దుంప నల్లబడకుండా ఒక ఫాస్ఫేట్ ఉప్పు పడుతుంది. ఓసారి నూనెలో సగం వేయించి, గడ్డకట్టించి, సంచుల్లో పంపిస్తారు. షాపులో జరిగేది రెండో వేపుడు, రెండు మూడు నిమిషాల పని.

ఫాస్ట్‌ఫుడ్‌లో 'ఫాస్ట్' అంటే ఇదే. వంట ఎప్పుడో, ఎక్కడో, ఎవరి చేతో చాలావరకు అయిపోయి ఉంటుంది, మన కళ్ళ ముందు జరిగేది చివరి అంకం. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరులు బాగానే నడుస్తున్న తమ హోటల్‌ని కొన్నాళ్ళు మూసేసి, కార్ల దగ్గరికి వెళ్ళి వడ్డించేవాళ్ళని తీసేసి, మెనూని తొమ్మిది రకాలకి కుదించి, పళ్ళేలూ గ్లాసులూ కడిగే పని లేకుండా అన్నీ కాగితంలోకి మార్చి, హాంబర్గర్‌ని 15 సెంట్లకి అమ్మడం మొదలుపెట్టారు. ఒకడు కాల్చడం, ఒకడు చుట్టడం, ఒకడు డ్రింక్ నింపడం, అచ్చం కార్ల ఫ్యాక్టరీలాగే. తిండి చవకైంది, నిజమే. తగ్గిన ఆ ఖర్చు మాయమైపోలేదు, కొంత తినేవాడి ఒంటి మీదకి, కొంత పనివాడి మీదకి, కొంత కోడి మీదకి, కొంత గాలీ నీరూ మీదకి జరిగింది. ఆరోగ్యం గురించి మాట్లాడినా నీతి గురించి మాట్లాడినా చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తాం.

ముందు ఒంటి సంగతి. ఇలాంటి తిండి మనిషికి ఏం చేస్తుందో తేల్చడం అనుకున్నంత సులువు కాదు. ఫాస్ట్‌ఫుడ్ ఎక్కువ తినేవాళ్ళు బరువు పెరిగారని లెక్కలు చూపిస్తే, వాళ్ళకి నిద్ర తక్కువేమో, పని గంటలు ఎక్కువేమో, అసలు నడకే లేదేమో, తప్పంతా తిండిదే అని ఎలా చెప్తారు అని ఎవరైనా అడగొచ్చు. అందుకే 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగానికి అంత పేరొచ్చింది. 20 మందిని నాలుగు వారాలు పరిశోధన ఆసుపత్రిలోనే ఉంచారు. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి (అంటే చాలావరకు ఫ్యాక్టరీలోనే తయారై వచ్చేది), ఇంకో రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి. ముందు పెట్టిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండు వైపులా దాదాపు సమానం (పీచు సమానం చేయడం కోసం ప్రాసెస్డ్ వైపు డ్రింకుల్లో పీచు పొడి కలపాల్సి వచ్చింది, ఆ తిండిలో పీచు ఎంత ఉంటుందో దీన్నిబట్టే అర్థమవుతుంది). కావలసినంత తినండి, వద్దనిపిస్తే వదిలేయండి అన్నారు. ప్రాసెస్డ్ తిండి పెట్టినప్పుడు అదే మనుషులు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో 0.9 కిలో పెరిగారు. మామూలు తిండి తిన్న రెండు వారాల్లో అంతే తగ్గారు.

ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ఏది రుచిగా ఉంది అని అడిగితే రెండిటికీ ఇంచుమించు ఒకే మార్కులు వేశారు. అంటే నోరు కట్టుకోలేక ఎక్కువ తిన్నారు అని తీసిపారేయడానికి లేదు. తేడా వచ్చింది తినే వేగంలో. మెత్తటి బన్, ముద్దగా చేసిన మాంసం, కరకరమని నోట్లో పడగానే కరిగిపోయే పైపొర, వీటిని నమలాల్సిన పని పెద్దగా ఉండదు. కడుపు నిండిందన్న కబురు పేగుల నుంచి మెదడుకి చేరడానికి కొంతసేపు పడుతుంది, ఆ కబురు అందేలోపే కాగితం ఖాళీ. పీచూ నీరూ తక్కువ, నూనె ఎక్కువ కాబట్టి ఒక్కో ముద్దలో దిగే కేలరీలు కూడా ఎక్కువే. తిన్నవాడికి అతిగా తిన్నానన్న అనుమానమే రాదు, ఎందుకంటే నిజంగానే కడుపు బరువనిపించదు.

20 మంది, నాలుగు వారాలు, చిన్న ప్రయోగమే, పైగా అందులో పెట్టినదంతా బర్గర్ షాపు తిండీ కాదు. ఏళ్ళ తరబడి ఏం జరుగుతుందో చూడాలంటే 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఉంది. 3,000 మందికి పైగా యువతీయువకులని 15 ఏళ్ళు గమనించారు. వారానికి రెండుసార్లకి మించి ఫాస్ట్‌ఫుడ్ షాపుకి వెళ్ళినవాళ్ళు, వారానికి ఒకసారి కంటే తక్కువ వెళ్ళినవాళ్ళతో పోలిస్తే 4.5 కిలోలు అదనంగా పెరిగారు, ఇన్సులిన్‌కి ఒళ్ళు స్పందించకపోవడం (అదే షుగర్‌కి మొదటి మెట్టు) రెండింతలు పెరిగింది. 15 ఏళ్ళలో 4.5 కిలోలంటే ఏడాదికి 300 గ్రాములు. ఏ అద్దమూ చూపించదు, ఏ ప్యాంటూ ఒక్కసారిగా బిగుతు కాదు. చాప కింద నీరు అంటే ఇదే. ఇక వారానికి మూడుసార్లు అనేది చాలామంది లెక్కలో అసలు 'ఎక్కువ తినడం' కిందకే రాదు.

ఉప్పు, చక్కెర సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, కాంబో భోజనం ఒక్కటే అందులో సగానికి పైగా లాగేయడం మామూలు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 35 గ్రాముల చక్కెర ఉంటుంది. 2,000 కేలరీలు తినే మనిషికి అదే సంస్థ చెప్పే గరిష్ఠ హద్దు 50 గ్రాములు, ఇంకా మంచిది 25. పెద్ద కప్పు డ్రింక్ ఒక్కటి తాగితే ఆ రోజుకి కోటా అయిపోయినట్టే, అయినా అది తాగాం కదా అని ఎవరూ రెండు ఫ్రైస్ తగ్గించుకోరు, ద్రవంగా లోపలికి వెళ్ళిన కేలరీలని ఆకలి సరిగా లెక్కపెట్టుకోదు.

ట్రాన్స్ ఫ్యాట్ కథ మాత్రం ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి. నూనెకి హైడ్రోజన్ పట్టించి సగం గట్టిపరిస్తే అందులో పుట్టే కొవ్వే ట్రాన్స్ ఫ్యాట్. అలాంటి నూనె త్వరగా కంపు కొట్టదు, మళ్ళీ మళ్ళీ కాచినా తట్టుకుంటుంది, రోజంతా వేయించే షాపుకి ఇంతకంటే ఏం కావాలి. పైగా ఒకప్పుడు దీన్ని ఆరోగ్యం పేరుతోనే తెచ్చారు. పశువుల కొవ్వు గుండెకి మంచిది కాదని గోల జరిగాక 1990లో మెక్‌డొనాల్డ్స్ అమెరికాలో ఫ్రైస్‌ని గొడ్డు కొవ్వులో వేయించడం మానేసి వెజిటబుల్ ఆయిల్‌కి మారింది, మిగతా చెయిన్లూ అదే దారి పట్టాయి, అలా వాడిన నూనెల్లో ఈ హైడ్రోజన్ పట్టించినవే ఎక్కువ. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. రోజూ తినే కేలరీల్లో ట్రాన్స్ ఫ్యాట్ వాటా 2 శాతం పెరిగితే గుండె జబ్బు ముప్పు 23 శాతం పెరుగుతోందని 2006 నాటికి పరిశోధనలన్నీ కలిపి లెక్క తేల్చారు. డెన్మార్క్ అప్పటికే 2003లో కొవ్వులో 2 శాతం మించకూడదని చట్టం చేసేసింది. న్యూయార్క్ నగరం 2006లో హోటళ్ళలో కట్టడి పెట్టాలని నిర్ణయించింది. 2015లో అమెరికాలో తిండినీ మందులనీ నియంత్రించే ఎఫ్‌డీఏ, ఈ హైడ్రోజన్ పట్టించిన నూనెలు సురక్షితమని ఇక అనుకోలేమని తేల్చింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలూ వదిలించుకోవాలని పిలుపిచ్చింది.

ఇంత జరిగితే ఫ్రైస్ రుచి పోయిందని రోడ్డెక్కినవాళ్ళు ఎవరూ లేరు, నూనె మారిందన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. ఎవరి మనోబలాన్నీ పరీక్షించకుండా, ఎవరినీ డైటింగ్ చేయమనకుండా, నూనె మార్చి ప్రాణాలు కాపాడారు. తినేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి అనే ఉపదేశం ఎంతవరకు పని చేస్తుందో, అవతల వంటగదిలో మార్పు ఎంత పని చేస్తుందో పోల్చి చూసుకోడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అలాగని ఫాస్ట్‌ఫుడ్‌ని 'విషం' అనేవాళ్ళ మాట కూడా సరైంది కాదు. విషమైతే ఒక్కసారి తిన్నా ప్రమాదమే. నెలకోసారి స్నేహితులతో కూర్చుని పిజ్జా తిన్న మనిషికి ఏమీ కాదు, కావాల్సిన పని లేదు. ఈ అతిశయోక్తి వల్ల రెండు నష్టాలు. తిన్నవాడికి ఏమీ కాకపోయేసరికి మిగతా హెచ్చరికలన్నీ కూడా ఉత్తవే అనుకుంటాడు. లేదా తప్పు చేశానన్న బాధతో రెండు రోజులు కడుపు మాడ్చుకుని మూడో రోజు రెట్టింపు తింటాడు. సైన్స్ చెప్పేది అలవాటు గురించి, ఒక్క బర్గర్ గురించి ఎప్పుడూ కాదు.

నీతి విషయానికొస్తే మొదట ఎదురయ్యే వాదన తెలిసిందే. ఎవరూ గొంతులో కుక్కట్లేదు కదా, తినేవాడి నోరు, తినేవాడి డబ్బు, అమ్మేవాడి తప్పేంటి? 2002లో న్యూయార్క్‌లో ఇద్దరు టీనేజ్ అమ్మాయిల తరఫున మెక్‌డొనాల్డ్స్ మీద కేసు పడింది, మీ తిండి వల్లే మా ఆరోగ్యం పాడైందని. మరుసటి ఏడాది జడ్జి రాబర్ట్ స్వీట్ కేసు కొట్టేశారు. అతిగా తింటే ఏమవుతుందో తెలిసీ తిన్నవాళ్ళని వాళ్ళ అతి నుంచి కాపాడటం చట్టం పని కాదన్నారు. ఇక్కడితో వార్త అయిపోయింది కానీ తీర్పు అయిపోలేదు. అదే తీర్పులో ఆయన చికెన్ మెక్‌నగెట్స్‌ని ఇంటి వంటలో ఎవరూ వాడని దినుసులతో తయారైన ఒక 'మెక్‌ఫ్రాంకెన్‌స్టైన్' సృష్టి (ఫ్రాంకెన్‌స్టైన్ అంటే ముక్కలు అతికించి రాక్షసుణ్ణి తయారుచేసే నవల) అన్నారు, మామూలు మనిషి దాన్ని చూసి వేయించిన కోడిముక్కే అనుకుంటాడని కూడా గమనించారు. అంటే తెలిసి తిన్నాడు అనే మాట ఎంతవరకు నిలబడుతుందన్న ప్రశ్నకి ఆ కోర్టే తలుపు కాస్త తెరిచి ఉంచింది. కంపెనీలు ఊరుకోలేదు, ఆ తర్వాత కొన్నేళ్ళలో అమెరికాలో ఇరవైకి పైగా రాష్ట్రాలు ఇలాంటి దావాలు చెల్లకుండా చట్టాలు చేసుకున్నాయి.

రెండో వాదన దీనికి పూర్తి వ్యతిరేకం. పేదవాళ్ళు ఉండేచోట బర్గర్ షాపులు తప్ప తాజా కూరగాయలు దొరకవు, కాబట్టి వాళ్ళకి అసలు ఎంపికే లేదు అంటారు. వినడానికి న్యాయంగా ఉంటుంది, మనసు కూడా అటే మొగ్గుతుంది. లాస్ ఏంజెలెస్ 2008లో దక్షిణ భాగంలో విడిగా కట్టే కొత్త ఫాస్ట్‌ఫుడ్ షాపులని ఆపేసింది. 2015లో రాండ్ సంస్థ పరిశోధకులు వెళ్ళి చూస్తే అక్కడ ఊబకాయం తగ్గలేదు, పెరిగింది కూడా. ఉన్న షాపులు ఉన్నట్టే ఉన్నాయి మరి, కొత్తవి రాకపోతే ఏం లాభం. 2019లో కొందరు ఆర్థికవేత్తలు అమెరికా కుటుంబాల కొనుగోళ్ళు పరిశీలించి, పేదవాళ్ళకి డబ్బున్నవాళ్ళకి దొరికే సరుకులే అవే ధరలకి అందుబాటులో పెట్టినా, తిండి నాణ్యతలో వాళ్ళిద్దరి మధ్య ఉన్న తేడాలో పదో వంతే తగ్గుతుందని తేల్చారు.

మరి మిగతా తొమ్మిది వంతులు ఎక్కడున్నాయి? ఒక పెద్ద భాగం రోజువారీ బతుకులో ఉంది. రెండు షిఫ్టులు చేసి రాత్రి పదింటికి ఇంటికి చేరిన మనిషికి కూరగాయల దుకాణం ఎదురుగా ఉన్నా ఏం చేసుకుంటాడు? కొనాలి, కోయాలి, వండాలి, గిన్నెలు కడగాలి, వండింది పిల్లలు తినకపోతే డబ్బు దండగ. బర్గర్ విషయంలో ఆ రిస్క్ లేదు, తింటారని గ్యారంటీ. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు, అలసట మాత్రం రుచిని బాగా ఎరుగును, తేలికగా దొరికే రుచి ఎక్కడుంటే అక్కడికే పోతుంది. అలాంటి మనిషి ముందు నిలబడి ఆరోగ్యం గురించి క్లాసు పీకడం, నిజం చెప్పాలంటే, కాస్త సిగ్గుమాలిన పని.

తినేవాడి బాధ్యత ఇంతలా పలచబడుతుంటే, కౌంటర్ అవతల ఉన్నవాళ్ళ సంగతి చూడాలి. 2013లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకుల లెక్క ప్రకారం అమెరికా ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో పనిచేసే కింది స్థాయి సిబ్బంది కుటుంబాల్లో 52 శాతం ఏదో ఒక ప్రభుత్వ సాయం మీద ఆధారపడ్డాయి, ఏడాదికి సుమారు 700 కోట్ల డాలర్ల మేర. అంటే జీతంలో కంపెనీ ఇవ్వని భాగాన్ని పన్నులు కట్టేవాళ్ళు పూడ్చారు, బర్గర్ ఎప్పుడూ ముట్టనివాళ్ళు కూడా. 2012 నవంబర్‌లో న్యూయార్క్‌లో గంటకి 15 డాలర్లు కావాలని మొదలైన సమ్మెలు ఆ కోపంలోంచి వచ్చినవే. 2024 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా పెద్ద చెయిన్లకి గంటకి 20 డాలర్ల కనీస వేతనం పెట్టింది.

ఫ్లోరిడాలోని ఇమ్మొకలీ టమాటా కూలీల కథ ఇంకా పట్టి చూడాల్సింది. వాళ్ళు కోసిన టమాటాలే చెయిన్ల బర్గర్లలో, టాకోల్లో పడేవి. తోట యజమానిని అడిగితే పెద్ద కంపెనీలు ధర తొక్కేస్తున్నాయి, నేనెక్కడినుంచి ఇవ్వను అనేవాడు. అబద్ధం కూడా కాదు. అందుకని కూలీలు తోటని వదిలేసి 2001లో నేరుగా టాకోలు అమ్మే చెయిన్ టాకో బెల్‌ని బహిష్కరించమని జనాన్ని కోరారు. అడిగింది పౌను టమాటాలకి ఒక్క సెంటు ఎక్కువ. ఆ ఒక్క సెంటు ఒప్పించడానికి నాలుగేళ్ళు పట్టింది, 2005లో ఒప్పందం కుదిరింది, తర్వాత మెక్‌డొనాల్డ్స్, బర్గర్ కింగ్ కూడా దిగొచ్చాయి. ఒక బర్గర్‌లో పడే రెండు టమాటా చక్రాల మీద ఆ సెంటు ఎంత పడుతుందో లెక్క వేస్తే నవ్వొస్తుంది, కొనేవాడికి తెలియను కూడా తెలియదు.

మాట్లాడలేనివాటి లెక్క వేరే ఉంది. కెనడాలో ఒక ప్రయోగంలో 1957 నాటి మాంసం కోడి జాతినీ 2005 నాటి బ్రాయిలర్‌నీ ఒకే దాణాతో పెంచి చూశారు. 56 రోజులకి పాత కోడి 905 గ్రాములు, కొత్తది 4.2 కిలోలు. అదే దాణా, నాలుగింతలకి పైగా బరువు, మార్చిందల్లా జాతి. ఆ వేగంతో పెరిగే కండని మోయలేక కాళ్ళు వంకర పోవడం, గుండె ఆగిపోవడం ఈ కోళ్ళలో మామూలు విషయాలు. మామూలుగా అంతకాలం కూడా ఉంచరు, ఆరేడు వారాలకే కోసేస్తారు. నగెట్ అంత చవకగా రావడానికి ఫ్యాక్టరీ ఎంత కారణమో ఈ జాతి అంత కారణం. ఇరుకుగా పెంచితే రోగాలు, రోగాలకి ముందే యాంటీబయాటిక్స్, వాటికి లొంగని బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియా కోళ్ళ షెడ్డులోనే ఉండిపోతానని ఒట్టు పెట్టుకోలేదు, ఒకరోజు ఆసుపత్రిలో మామూలు మందు పని చేయని రోగి రూపంలో బయటపడుతుంది. యూరోపియన్ యూనియన్ 2006 నుంచి పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడకాన్ని నిషేధించింది. గొడ్డు మాంసం దగ్గరికొస్తే కోడికంటే భూమీ ఎక్కువ తింటుంది, వాయువులూ ఎక్కువ వదులుతుంది. మొత్తం పశుపోషణ వాటా మనుషుల వల్ల వచ్చే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో లెక్కగట్టింది.

ఇదే మాంసం ఇంట్లో వండుకున్నా పాపం పాపమే కదా అనొచ్చు. అవును, అంతే. కాకపోతే ఫాస్ట్‌ఫుడ్ చెయిన్ అనేది కోట్ల కోళ్ళు ఒకే పరిమాణంలో, ఒకే ధరకి, ఒకే రోజు కావాలని అడిగే కొనుగోలుదారు. అలాంటివాడు పద్ధతి మార్చమంటే ఫారాలు మారతాయి, ఇంటి వంటకి ఒక కోడి కొన్నవాడి మాట ఎవడు వింటాడు? చేతిలో అధికారం ఉన్నచోట తప్పు బరువు కూడా పెరుగుతుంది, తిలాపాపం తలా పిడికెడు అన్నామే కానీ పిడికిళ్ళన్నీ ఒకే సైజులో ఉండవు.

పిల్లల దగ్గర ఈ లెక్క మరీ తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే తెలిసి తిన్నాడు అనే మాట నాలుగేళ్ళ పిల్లకి వర్తించదు. 1986లో లండన్‌లో కొందరు కార్యకర్తలు పంచిన కరపత్రం మీద మెక్‌డొనాల్డ్స్ పరువునష్టం దావా వేసింది. హెలెన్ స్టీల్, డేవిడ్ మోరిస్ అనే ఇద్దరు లాయర్ ఖర్చు పెట్టుకోలేక తమ వాదన తామే వినిపించుకున్నారు. ఇంగ్లండ్ చరిత్రలోనే సుదీర్ఘమైన విచారణల్లో ఒకటైన ఆ కేసులో 1997లో తీర్పు వచ్చింది. కరపత్రంలోని చాలా ఆరోపణలు రుజువు కాలేదన్నారు, నష్టపరిహారం కట్టమన్నారు. కానీ ప్రకటనలతో పిల్లలని వాడుకుంటోంది అన్న ఆరోపణ నిజమేనని అదే జడ్జి రాశారు. జీతాలు తక్కువ, జంతువుల పట్ల కొన్ని క్రూర పద్ధతులకి బాధ్యత ఉంది అని కూడా రాశారు. గెలిచిన కంపెనీకి ఆ గెలుపు దేనికీ పనికి రాలేదు.

పిల్లలకి ప్రకటనలు ఆపేస్తే ఆకాశం ఊడి పడదు. కెనడాలోని క్యూబెక్ 1980 నుంచి 13 ఏళ్ళలోపు పిల్లలని ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలని చాలావరకు నిషేధించింది, అక్కడ షాపులేమీ మూతపడలేదు. అయితే కట్టడి పెట్టేవాళ్ళు ఒకటి ఆలోచిస్తే అమ్మేవాళ్ళు పది ఆలోచిస్తారు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒక చట్టం చేసింది, పోషకాల నిబంధనలకి తూగని పిల్లల భోజనంతో బొమ్మ ఉచితంగా ఇవ్వకూడదని. అమలులోకి వచ్చింది 2011 డిసెంబర్ 1న. మెక్‌డొనాల్డ్స్ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఉచితంగా ఇవ్వడం మానేసి, భోజనం కొన్నవాళ్ళకి బొమ్మని పది సెంట్లకి అమ్మింది. ఆ పది సెంట్లు జబ్బుపడిన పిల్లల కుటుంబాలకి వసతి కల్పించే తమ సేవాసంస్థకి వెళ్తాయని చెప్పింది.